నేటి అన్నము రేపటికి – సంగ్రహమా, సంరక్షణమా?

అన్నము పరబ్రహ్మ స్వరూపమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. మెతుకు నేల రాలినచో కన్నుల కద్దుకొని తీయుట మన యిండ్లలో తరతరములుగా నున్న అలవాటు. భుజించిన పళ్లెరమును కడిగి ఆ నీటినిగూడ సేవించు వృద్ధులను మనలో పలువురు చూచియే యుందురు. అట్టి సంప్రదాయములో పుట్టిన గృహములలో నేడొక క్రొత్త ప్రశ్న తలయెత్తినది. వండిన అన్నమును, ఉడికించిన బొబ్బర్లు, శనగలు, రాజ్మా మున్నగు గింజలను ఫ్రీజరులో గడ్డకట్టించి, కావలసిననాడు మరల వేడిచేసి భుజించుట ధర్మమా, కాదా?

ఇది వంటింటి ప్రశ్నయే గదా యని తోసివేయదగదు. తరచి చూచినచో ఇందులో మూడు ధర్మములు ముడివడియున్నవి. శరీరమును కాపాడుకొనుట ఒకటి. శ్రమను గౌరవించుట రెండవది. పంచుకొని తినుట మూడవది. ఈ మూటిలో ఏ ఒక్కదానిని మరచినను ఉత్తరము తప్పిపోవును.

హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములలో భార్యాభర్తలిరువురు ఉద్యోగములు చేయు ఇండ్లు అనేకములు. అమెరికాలో నివసించు మన పిల్లల సంగతి సరేసరి. వారిలో పలువురు ఆదివారమునాడు గిన్నెడన్నమును, కుక్కరు నిండుగా గింజలను ఉడికించి, పూటకొక డబ్బా చొప్పున సర్ది ఫ్రీజరులో నుంచుకొందురు. ఊరినుండి వచ్చిన అత్తగారికి అది కంటగింపుగా నుండును. “పాచిపోయిన కూడు నేను తినను తల్లీ” అని ఆమె యనును. “పాచిపోలేదు అత్తయ్యా, వండింది వండినట్టే ఉంది. నేను ఆఫీసునుంచి వచ్చేసరికే ఎనిమిదవుతోంది” అని కోడలు బదులు చెప్పును. ఇద్దరి మాటలోను న్యాయము కలదు. అందుచేతనే ఈ వివాదము సులభముగా తెగదు.

ముందుగా అత్తగారి పక్షమును విచారింతము. ఆమె మాటకు శాస్త్రబలము లేకపోలేదు. భగవద్గీత పదునేడవ అధ్యాయములో తామసాహారమును వర్ణించుచు యాతయామము, పర్యుషితము అను పదములు వాడబడినవి. పర్యుషితమనగా రాత్రి గడచినది. యాతయామమనగా వండి జాము గడచినదని కొందరును, సరిగా ఉడకనిదని కొందరును అర్థము చెప్పిరి. శబ్దమును మాత్రమే పట్టుకొన్నచో ఫ్రీజరులోని అన్నము తామసమే యని తేల్చి ఊరకుండవచ్చును. కాని శబ్దము వెనుకనున్న హేతువును చూడవలదా? రాత్రి గడచినదంతయు త్యాజ్యమే యైనచో పెరుగు, ఊరగాయ మన విస్తరిలోనికి రాకూడదు. చద్దన్నము అసలే రాకూడదు. పోతనామాత్యుని భాగవతములో గోపబాలురు కృష్ణునితో గూడి చల్దులారగించిన ఘట్టము తెలుగువారికి ప్రాణప్రదమైనది. పెద్దల మాట చద్దిమూట యని మనమే యందుము. రాత్రి గడచిన అన్నము సర్వదా నింద్యమే యైనచో పెద్దల మాటను దానితో పోల్చియుండరు గదా!

కావున కాలము గడచుట దోషము కాదు. ఆ కాలములో అన్నమున కేమి సంభవించినదన్నదే విచారింపదగినది. ఈ విషయమున నేటి విజ్ఞానశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి నేలలో నుండును. పంటతోపాటు బియ్యమునకును అంటివచ్చును. దాని బీజకణములు గట్టి కవచము గలవి. అన్నము ఉడుకునపుడు గూడ అవి చావవు. వండిన అన్నము గోరువెచ్చగా గంటలకొలది నిలిచియున్నచో ఆ బీజకణములు మొలకెత్తి, వృద్ధిచెంది, వాంతులు కలిగించు విషమును పుట్టించును. 1971లో ఇంగ్లండులోని చైనా భోజనశాలలలో వేపుడన్నము తిన్నవారికి కలిగిన వాంతులు ఈ జీవి వలననే యని వైద్యులు గుర్తించిరి. పెద్ద పాత్రలో వండి, వెలుపలనే ఆరబెట్టిన అన్నమును మరల వేయించి వడ్డించుటయే అందుకు కారణము.

ఇందులో గృహిణులు ముఖ్యముగా గమనింపవలసినది యొకటి కలదు. ఆ సూక్ష్మజీవి వేడికి చచ్చినను, అది విడిచిన వాంతివిషము వేడికి నశింపదు. ఎంత పొగలు వచ్చునట్లు కాచినను అది అట్లే యుండును. “మరగ కాచితిమి గదా, ఇక భయమేమి?” అను మాట అన్నము విషయమున చెల్లదు. రుచిలో, వాసనలో మార్పు తెలియకపోవచ్చును. తిన్న అరగంట మొదలు ఆరు గంటల లోపల వాంతులు మొదలగును. కావున రక్షణ వేడిచేయునపుడు లేదు. వండిన వెంటనే చల్లార్చుటలో నున్నది.

ఇచట ఒక చిత్రమైన పోలిక. జామనగా మూడు గంటలు. వండిన పదార్థమును రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో చేర్చవలెనని నేటి ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఎండ ముదిరి గాలి వేడిమి 32 డిగ్రీలు దాటినచో గంట మాత్రమే గడువు. మన సీమలలో వేసవి యనగా 40 డిగ్రీలు దాటుట మామూలే. చల్లని పెట్టె లేని కాలమున జాము గడచిన వంట వలదన్న పెద్దల మాటకును, ఈ లెక్కకును భేదము స్వల్పమే. యాతయామమునకు సరిగా ఉడకనిదను రెండవ అర్థమును గూడ త్రోసివేయరాదు. రాజ్మా గింజలలో సహజముగా నొక విషద్రవ్యము కలదు. కనీసము అయిదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్త నీటిలో పది నిమిషములైనను తెర్లునట్లు కాచి, మెత్తబడువరకు ఉడికించినగాని అది పోదు. సగముడికిన రాజ్మాను ఎన్ని నాళ్లు గడ్డకట్టించినను ఆ దోషము తొలగదు.

మరి చద్దన్నము మాట యేమి? రాత్రి అన్నములో నీరుగాని మజ్జిగగాని పోసి ఉంచినపుడు అందు పులుపు పుట్టును. ఆ పులుపు చెడు క్రిముల పెరుగుదలకు అడ్డుపడును. తెల్లవారగనే దానిని తినివేయుదురు. అది యొక విద్య. పొడి అన్నమును పొయ్యి గట్టున మూతపెట్టి మరచుట వేరు. అది అజాగ్రత్త. ఈ రెంటిని ఒకే గాట కట్టరాదు.

ఫ్రీజరు చేయు పని యేమో గూడ తెలిసికొనవలెను. సున్నకు దిగువ 18 డిగ్రీల చలువలో సూక్ష్మజీవులు పెరుగవు. అన్నియు చావవుగూడ. నిద్రించును. గడ్డకట్టకముందు అన్నము ఎట్లున్నదో, కరగిన తరువాతను అట్లే యుండును. మంచిది మంచిగా, చెడ్డది చెడ్డగా నిలిచియుండును. ఫ్రీజరు పాపమును కడుగు తీర్థము కాదు. మనము దానికి అప్పగించిన దానిని అట్లే తిరిగి యిచ్చు కావలివాడు మాత్రమే. ఒంటి తలుపు ఫ్రిజ్‌లలోని చిన్న మంచు అర అంతటి చలువను ఇయ్యకపోవచ్చును గనుక అందు దీర్ఘకాలము నిల్వ తగదు.

ఇక పద్ధతి. వండిన అన్నమును గిన్నెలోనే యుంచక వెడల్పు పళ్లెములో పలుచగా పరచినచో వేగముగా చల్లారును. చల్లారిన వెంటనే పూటకు సరిపడునంత చొప్పున చిన్న డబ్బాలలో సర్ది మూతపెట్టి, తేదీ వ్రాసి ఫ్రీజరులో నుంచవలెను. గింజలను అవి ఉడికిన నీటితోనే నిల్వచేసినచో ఎండిపోవు. నీరు గడ్డకట్టునపుడు ఉబ్బును గనుక డబ్బాపైన వ్రేలెడు ఖాళీ విడువవలెను. గాజుసీసా నిండుగా నింపినచో పగులును. ఫ్రిజ్ క్రింది అరలో అన్నము రాయివలె బిరుసెక్కును. అన్నములోని పిండిపదార్థము ఆ చలువలో గట్టిపడుటయే అందుకు కారణము. ఫ్రీజరులో ఆ గట్టిదనము తక్కువ. వేడిచేయునపుడు చెంచాడు నీరు చల్లి, మూతపెట్టి, లోపలివరకు పొగలు వచ్చునట్లు కాచినచో మెతుకు మరల మెత్తబడును. ఒకసారి వేడిచేసినది అప్పుడే తినవలెను. మిగిలినదానిని మరల దాచరాదు. ఫ్రిజ్ క్రింది అరలోనైనచో అన్నమును ఒకనాటిలోపల, గింజలను మూడు నాళ్లలోపల ముగింపవలెను. ఫ్రీజరులోనైనను నెల రెండు నెలలలోపల తినుటయే రుచికి మేలు. కరెంటు పోయినపుడు తలుపు తెరువకున్నచో నిండు ఫ్రీజరు రెండు దినములు, సగము నిండినది ఒక దినము చలువను నిలుపుకొనును. పూర్తిగా కరగి వెచ్చబడినదానిని మరల గడ్డకట్టింపక పారవేయవలెను.

ఇంతవరకు శరీరధర్మము. ఇక శ్రమధర్మము. “వేడివేడిగా వండి పెట్టవలెను” అను కోరిక మంచిదే. కాని వేడన్నము దానంతట అది పుట్టదు. ఒకరు పొయ్యి దగ్గర నిలువవలెను. ఎవరు నిలుచుచున్నారు? ప్రొద్దున వండి, బస్సుపట్టి, సాయంకాలమువరకు పనిచేసి, తిరిగి వచ్చిన స్త్రీయే మరల నిలుచుచున్నది. కాయకమే కైలాసమని శరణులు బోధించిరి. కాయకమును పూజ్యముగా నెంచినవారు కాయకము చేసిన దేహమునుగూడ పూజ్యముగా నెంచవలదా? తాజా అన్నమునందలి పవిత్రత అలసిన చేతుల మీదుగా వచ్చినపుడు, ఆ పవిత్రతకు వెల యెవరు చెల్లించిరో తినువాడు ఎరుగవలెను. పూటపూటకు వేడన్నమే కావలెనని నియమముగల పురుషుడు ఆ నియమమును తన చేతులతో నిర్వహించినచో అది వ్రతము. ఇతరుల చేతులతో నిర్వహించినచో అది అధికారము.

కావున ఆదివారపు వంటను ఫ్రీజరులో దాచు కోడలు సోమరి కాదు. ఆమె తన శ్రమను ఒకచోట చేర్చి, మిగిలిన సాయంకాలములలో బిడ్డల చదువునకు, లింగపూజకు, విశ్రాంతికి కొంత వ్యవధి కల్పించుకొనుచున్నది. అత్తగారి నాలుకకు తాజా అన్నము హితవైనచో ఆమెకొక పిడికెడు బియ్యము వేరుగా ఉడికించుట కష్టము కాదు. ఆ పని కుమారుడు చేసినచో ఇంకను మేలు.

ఇక మూడవది, అన్నిటికంటె కఠినమైనది. రేపటికి దాచుకొనుట సంగ్రహము కాదా? ఈ సందర్భమున ఆయ్దక్కి లక్కమ్మగారి వృత్తాంతము జ్ఞప్తికి వచ్చుచున్నది. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున మారయ్యగారు నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గలవారు. ఒకనాడు వారు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చిరి. లక్కమ్మగారు దానిని చూచి సంతసింపలేదు. అంత బియ్యము మనకేల యని ప్రశ్నించి, అధికమైనదానిని ఎక్కడిదక్కడ పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపిరి. పేదరికములో నుండి అధికమును కాదన్న ఆ తల్లి ముందు నిండిన ఫ్రీజరు గల మనము తలవంచుకొనవలసినదేనా?

జాగ్రత్తగా ఆలోచింపవలెను. లక్కమ్మగారు ఆ బియ్యమును ఏల కాదనిరి? అది రేపటికి నిలుచుననియా? కాదు. బియ్యము స్వభావముచేతనే నిలుచు వస్తువు. రైతు పండించిన పంటను గాదెలో పోసికొని సంవత్సరమంతయు తినును. దానినెవరును సంగ్రహదోషమనరు. ఆమె కాదన్నది తమ అవసరమునకు మించిన భాగమును. నేల రాలిన బియ్యము మరియొకరి నోటికి చేరవలసినదై యుండవచ్చును. తాము తినెడి దానికంటె అధికముగా ఏరుట అనగా ఇతరుల వాటాను ఏరుట. సంగ్రహదోషము కాలమును బట్టి రాదు, వాటాను బట్టి వచ్చును. అన్నము ఎన్ని నాళ్లు నిలిచినదని గాక, ఎవరి భాగమునుండి నిలిచినదని అడుగవలెను.

ఈ సూత్రమును చేతబట్టి మన ఫ్రీజరును తెరచి చూతము. వారమునకు కావలసిన ఏడు పూటల అన్నమును ఒకనాడే వండి దాచినవాడు ఏడు పూటలే తినును. అతడు ఎవరి వాటాను ముట్టలేదు. కాలము మాత్రమే జరిపినాడు. మిగిలిన అన్నమును పారవేయక చల్లార్చి దాచినవాడు మరింత మేలు చేసినాడు. 2022వ సంవత్సరములో ప్రపంచమున చిల్లర విక్రయ, వినియోగదారుల దశలలో వ్యర్థమైన ఆహారము 105 కోట్ల టన్నులని, అందులో నూటికి 60 పాళ్లు ఇండ్లలోనే వ్యర్థమైనదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించినది. పారవేయు పాపములో అధికభాగము ఇండ్లదే యన్నమాట. దానిని తగ్గించు సాధనమును నిందించుట తగదు.

కాని ఫ్రీజరునకు మరియొక ముఖము కలదు. చోటున్నది గదా యని అవసరము చూడక వండుట, వండినదానిని మరచుట, ఆరు నెలలకు మంచుపొరలో నుండి తీసి పారవేయుట – ఇది పారవేయుటను వాయిదా వేయుటయే గాని మానుట కాదు. ఇంతకంటె సూక్ష్మమైన దోషము వేరొకటి. పూర్వము సాయంకాలము అన్నము మిగిలినచో గృహిణి వాకిటికి వచ్చి చూచెడిది. పొరుగింటి బిడ్డకో, దారినపోవు బాటసారికో పెట్టెడిది. అన్నము నిలువదను భయమే ఆమెను దాతను చేసెను. నేడు నిలువగలదను ధైర్యము మనలను వాకిటివరకు రానీయకున్నది. మిగులు కనబడగనే చేయి డబ్బా మీదికి పోవుచున్నదిగాని ఇరుగుపొరుగులు మనసునకు తట్టుటలేదు. ఫ్రీజరు అన్నమును గడ్డకట్టించిన తప్పులేదు, ఆ క్షణికమైన తలపును గడ్డకట్టించినచో తప్పు. అందుచేత డబ్బా మూతపెట్టుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనుట మంచిది: ఈ అన్నము ఈ పూట ఎవరికైనను కావలసియున్నదా? కావలసియున్నచో వేడిగా నున్నపుడే చేరవలెను. లేనిచో నిశ్చింతగా దాచుకొనవచ్చును.

దీనికి విపర్యయముగా జరుగుట గూడ లోకములో కనబడుచున్నది. మొదటిదినము తమకని దాచుకొందురు. నాలుగవదినము తమకు వెగటు పుట్టినపుడు ఇంట పనిచేయు తల్లికి ఇచ్చి, దానము చేసితిమని తృప్తిపడుదురు. ఇది దానము కాదు. తాము తినుటకు శంకించినదానిని ఇతరుల కడుపులో పారవేయుట. ఆమె బిడ్డకు వాంతులు పట్టినచో వైద్యుని వద్దకు పోవుటకు ఒకనాటి కూలి పోవును. దాసోహమనగా నేను దాసుడనను భావము. దాసుడు ప్రభువునకు తన యెంగిలి మనసుతో వడ్డింపడు. ఇచ్చునపుడు తాజాది ఇయ్యవలెను. నిల్వయున్నదానిని తాము తినవలెను. నిల్వయున్నదే యియ్యవలసివచ్చినచో ఏనాడు వండినదో, ఎట్లు దాచినదో నిజము చెప్పి యియ్యవలెను. ఇంట్లోనైనను ఇదే న్యాయము. పురుషులకు తాజా అన్నము, స్త్రీలకు నిన్నటి అన్నము అను పద్ధతి ఏ యింట నున్నను, స్త్రీపురుష భేదము పాటింపని శరణుల పేరు చెప్పుకొను అర్హత ఆ యింటికి లేదు. ఫ్రీజరులోని డబ్బా తెరచిననాడు ఇంటిల్లిపాదియు దానినే భుజించినచో అది సమపంక్తి యగును.

లింగార్పితము మాట యేమని కొందరడుగుదురు. ఆచారవిషయమై తమ గురువులనడిగి తెలిసికొనుట యుక్తము. నాకు తోచినది మాత్రము మనవి చేయుదును. శరణులు పదార్థము యొక్క శుద్ధిని సత్యశుద్ధ కాయకముతో ముడిపెట్టిరి. అధర్మార్జితమైన అన్నము పొయ్యి మీదినుండి దింపిన క్షణమునగూడ అశుద్ధమే. ధర్మార్జితమై, శుచిగా వండబడి, చెడక నిలిచిన అన్నము మరల వేడిచేసినంత మాత్రమున తన శుద్ధిని కోల్పోవునని నేను తలంపను. అయినను సంశయము కలిగిన అన్నమును, వాసన మారినదానిని, కాలము తెలియనిదానిని అర్పింపరాదు. మనకు తగనిది లింగమునకును తగదు.

మఠముల విషయమున ఒక మాట. తుమకూరులోని శ్రీ సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు ప్రతిదినము అన్నము పెట్టబడుచున్నది. శ్రీ శివకుమార మహాస్వాములవారు (1907–2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును అచట దీర్ఘకాలము నడిపిరి. అట్టి పెద్ద వంటశాలలనుండి మన గ్రామములలోని చిన్న మఠముల జాతరవంటలవరకు ఒక జాగ్రత్త సమానము. గుండిగలోని అన్నము పైన చల్లబడినను నడుమ గంటలకొలది వెచ్చగానే యుండును. పెద్ద పాత్రలలో మెల్లగా చల్లారు పప్పులోను, గింజల కూరలలోను క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అను మరియొక జీవి పెరిగి కడుపునొప్పి, విరేచనములు కలిగించును. పంక్తి ముగియగనే మిగిలినదానిని గంటలోపల పంచివేయుట ఉత్తమము. అది సాధ్యము కానిచో వెడల్పు పళ్లెములలో పరచి చల్లార్చి, చలువలో నుంచుట మధ్యమము. గుండిగకు మూతవేసి తెల్లవారి వడ్డించుట అధమము. భక్తితో వచ్చినవారు ప్రసాదమనినచో పరీక్షింపక స్వీకరింతురు. పరీక్షింపనివారికి పెట్టునపుడు మన పూచీ ఇనుమడించును.

అత్తా కోడండ్ర వివాదమునకు నా తీర్పిది. అత్తగారు చెడిన అన్నమును ద్వేషించుట న్యాయమే, ఆ ద్వేషమును చెడని అన్నము మీదికి మరలింపరాదు. కోడలు శ్రమను పొదుపు చేసికొనుట న్యాయమే, ఆ పొదుపులో పొరుగువారి పిడికెడును గూడ పొదుపు చేయరాదు. వచ్చు ఆదివారమున వండునపుడు బొబ్బర్లు ఒక దోసెడు ఎక్కువ పోయుడు. డబ్బాలు సర్దుటకు ముందు ఆ వేడి గిన్నెను ప్రక్కింటి వృద్ధురాలికి ఇచ్చి రండు. తక్కినది తేదీ వ్రాసి దాచుకొనుడు. ఆ డబ్బాను గురువారము సాయంకాలము తెరచినపుడు మీ మనసునకు సంకోచముండదు.

శరణు శరణార్థులు.